నా బదులు స్టాపు పిలిచినవాళ్ళు

నేను సిటీ బస్సులో కండక్టర్ని. విశాఖపట్నం నుంచి సముద్రం పక్కగా భీమిలి వెళ్ళే రూటు నాది. టిక్కెట్టు మిషను మొరాయిస్తే చేత్తో చింపి ఇవ్వచ్చు, బెల్లు పనిచేయకపోతే రేకు మీద అరచేత్తో కొట్టచ్చు. గొంతు లేకపోతే మాత్రం ఈ ఉద్యోగం చెయ్యడం కష్టం. ఆ గొంతే పోయింది నాకు. కొన్ని నెలలపాటు గుసగుస తప్ప ఇంకేమీ పలకలేదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, ఆసుపత్రి వరండాలో కూర్చున్న రోజుల్లో నాలాంటివాళ్ళు ఎవరైనా ఏమైనా రాశారేమోనని ఫోన్‌లో తెగ వెతికాను. భయపెట్టేవి చాలా దొరికాయి. ఆ తర్వాత ఎలా బతికారో చెప్పినవి దొరకలేదు. అలా వెతికే మనిషి ఇంకొకరు ఉంటారు కదా అని.

మే నెల

ముందుగా ఎల్లమ్మ గురించి చెప్పాలి. మంగమారిపేట మనిషి. పొద్దున్నే చేపలు ఆటోలో వేసుకుని ఊళ్ళోకి వెళ్ళి, అమ్ముకుని, మధ్యాహ్నం ఖాళీ బేసిన్లతో నా బస్సెక్కుతుంది. ఆ బేసిన్లు దారికి అడ్డం పెట్టడం, నేను గొడవపడడం, ఆవిడ నాకంటే గట్టిగా గొడవపడడం మాకు రోజూ ఉన్నదే. ఇద్దరికీ అదొక అలవాటు. బస్సులో జనం వినోదంగా చూసేవారు.

ఆరోజు ఎండ మాడ్చేస్తోంది. సాగర్‌నగర్ దగ్గర సీసా ఎత్తి నీళ్ళు తాగుతున్నాను. ఎల్లమ్మ సీట్లోంచి తలెత్తి నా మెడకేసే చూస్తోంది.

"అదేటమ్మా, నీ మెడకాడ? గుటకేస్తే పైకీ కిందకీ ఆడతన్నాది."

"ఏమీ లేదు, ముందు నీ బేసిను జరుపు" అన్నాను.

"బేసిను జరుపుతాను గానీ, నువ్వు డాట్రుకి సూపించు."

మరునాడు బస్సెక్కగానే "సూపించినావా?" అని అడిగింది. లేదన్నాను. ఆ మరునాడూ అడిగింది. మనిషి మరిచిపోయే రకం కాదు. వారం తిరిగేసరికి ఆవిడతోపాటు ముందు సీట్లవాళ్ళు కూడా అడగడం మొదలుపెట్టారు. నిజం చెప్పాలంటే, ఆ ప్రశ్న తప్పించుకోవడానికే నేను ఆసుపత్రికి వెళ్ళాను.

స్కానింగు అన్నారు. ఆ తర్వాత సూది పరీక్ష అన్నారు. సూది పరీక్ష ఫలితం చూసిన డాక్టరమ్మ కుర్చీ నాకు దగ్గరగా జరుపుకుని కూర్చుంది. ఆ కుర్చీ జరిగిన చప్పుడుకే నాకు సంగతి అర్థమైపోయింది. మెడలో థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేయాలన్నారు.

జూన్

మా ఆయన అప్పలరాజు పోర్టులో పనిచేస్తాడు. ఓడల్లోంచి దిగే బొగ్గు లెక్క చూసే కాంట్రాక్టరు దగ్గర సూపర్వైజరు. నాకు మేనత్త కొడుకు, తగరపువలస పక్క పల్లెలో కలిసి పెరిగాం. అందుకే పెళ్ళయ్యాక కూడా బావ అనే పిలుస్తాను. మాట తక్కువ మనిషి. ఇంట్లో మాటలన్నీ నావే. బస్సులో రోజంతా అరిచి వచ్చి, ఇంటికొచ్చాక కూడా వాగుతూనే ఉండేదాన్ని. ఆయన అన్నం తింటూ ఊ కొట్టేవాడు.

ఆసుపత్రిలో వరండా పొడుగునా ఇనప కుర్చీలు. పైన ఫ్యాను తిరుగుతుంది, గాలి మాత్రం కిందకి రాదు. మా నంబరు పిలిచేదాకా అక్కడే కూర్చోవాలి. బావ మాత్రం కూర్చునేవాడు కాదు. కాసేపటికొకసారి లేచి, "బండి ఎండలో ఉన్నాది, నీడకి పెట్టొత్తాను" అని వెళ్ళేవాడు. తిరిగొచ్చేవాడు. మళ్ళీ అదే మాట చెప్పి వెళ్ళేవాడు. మొదట్లో నాకు ఒళ్ళు మండిపోయింది. నేనిక్కడ ప్రాణం చేతిలో పెట్టుకుని కూర్చుంటే ఈయనకి బండి ఎక్కువైందా అని.

ఒకసారి వెనకే వెళ్ళాను. బండి నీడలోనే ఉంది. ఆయన దాని పక్కన గోడకేసి తిరిగి, తువాలు భుజం మీంచి తీసి ముఖానికి అదుముకుని నిలబడి ఉన్నాడు. చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేశాను. ఆ తర్వాత ఆయన బండి మాట ఎత్తినప్పుడల్లా, "వెళ్ళు బావా, సీటు కాలిపోతుంది" అని నేనే పంపేదాన్ని.

క్యాన్సర్ అన్న మాట ఆయన ఒక్కసారి కూడా పలకలేదు. ఎవరైనా ఫోన్ చేసి అడిగితే "గొంతుకలో సిన్న గడ్డ" అనేవాడు. అమ్మాయి హేమ అప్పుడు ఇంటర్ రెండో ఏడాదిలోకి వచ్చింది. దానికి అంతా తెలుసు. తెలిసినట్టు మాకు తెలియనివ్వకుండా తిరిగింది.

ఆపరేషనుకి ముందు డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. గొంతుని కదిలించే నరం ఆ గ్రంథి వెనకనుంచే వెళ్తుందట. గడ్డ దానికి అంటుకున్నట్టు కనిపిస్తోందట. జాగ్రత్తగా విడదీస్తాం, అయినా కొన్నాళ్ళు గొంతు మారే అవకాశం ఉంది అంది. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళు అని అడిగాను. అది ఇప్పుడే చెప్పలేనంది. ఉన్నదున్నట్టు చెప్పినందుకు ఆవిడ మీద గౌరవమే కలిగింది.

ఆ సాయంత్రం ఆరిలోవలో మా ఇంట్లో హేమ ఫోన్ పట్టుకుని నా ముందు కూర్చుంది.

"అమ్మా, స్టాపుల పేర్లు ఒకసారి పిలువ్. బస్సులో ఎలగ పిలుత్తావో అలగే."

"ఇప్పుడెందుకే?"

"ఊరికే. రికార్డు సేసుకుంటాను."

ఎందుకో దానికీ తెలుసు, నాకూ తెలుసు. పిలిచాను. అప్పుఘర్, జోడుగుళ్ళపాలెం, సాగర్‌నగర్, రుషికొండ... భీమిలి దాకా. పక్కింటావిడ గోడమీంచి తొంగి చూసి నవ్వింది. మేమిద్దరం కూడా నవ్వాం.

జూలై

ఆపరేషను నుంచి మెలకువ వచ్చాక నర్సు "పేరు చెప్పండి" అంది. సత్యవతి అన్నాను. నోరు కదిలింది, గాలి వచ్చింది, మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించాను. టైరులోంచి గాలి పోతున్నట్టు ఒక శబ్దం వచ్చింది.

నరం తెగలేదని, బాగా నలిగిందని డాక్టరమ్మ వచ్చి చెప్పింది. గొంతులో ఒక పక్క కదలడం లేదట. తిరిగి కదలవచ్చు, ఓపిక పట్టాలి అంది. నీళ్ళు తాగితే పొలమారేది. గడ్డం కిందకి వంచి, చెంచాతో కొంచెం కొంచెంగా తాగడం నేర్పారు. నాలుగు మాటలు గుసగుసలాడితే చాలు, మేడలెక్కినట్టు ఆయాసం వచ్చేది.

అక్కడ ఒక వింత గమనించాను. మనం గుసగుసగా మాట్లాడితే ఎదుటివాళ్ళు కూడా గుసగుసగానే జవాబిస్తారు. బావ, హేమ, చూడడానికి వచ్చిన డిపో వాళ్ళు, ఆఖరికి గది తుడిచే అమ్మాయి కూడా. అందరూ నా చెవి దగ్గరికి వంగి రహస్యం చెబుతున్నట్టు మాట్లాడేవారు. నేను పోయినట్టూ, వాళ్ళు శవం పక్కన మాట్లాడుకుంటున్నట్టూ అనిపించి భయం వేసేది.

అలా మాట్లాడని మనిషి ఒక్కతే ఉంది. పక్క మంచంలో నూర్జహాన్ ఆపా. విశాఖ పాత టౌనులో వాళ్ళకి గాజుల కొట్టు. నాకంటే ముందు ఆవిడకి ఇదే ఆపరేషను అయింది, గొంతు మాత్రం చెక్కుచెదరలేదు. ఆవిడ పొద్దున్నే నిండు గొంతుతో, "క్యా అమ్మా, నిద్ర పట్టిందా?" అని అడిగేది. నేను గుసగుసగా ఏదో అంటే వార్డు మొత్తానికి వినిపించేలా జవాబిచ్చేది. ఒకసారి బావ నా చెవి దగ్గర గొణుగుతుంటే ఆవిడ కోప్పడింది.

"ఏమయ్యా, ఆమెకి పోయింది గొంతు. చెవులు కాదు కదా. మామూలుగా మాట్లాడు."

బావ బిత్తరపోయి, "అలగేనండి" అన్నాడు, మామూలు గొంతుతో. ఆ ఒక్క మాట నాకు ఎంత హాయిగా వినిపించిందో చెప్పలేను.

అసలు కష్టం ఎవరినైనా పిలవాల్సి వచ్చినప్పుడు. పొలమారి ఊపిరి ఆడకపోయినా నర్సుని కేక వెయ్యలేను. ఒకరోజు అలాగే జరిగింది. గ్లాసు కింద పడేస్తే ఆ చప్పుడుకి ఎవరో వచ్చారు. అది చూసిన ఆపా ఆ సాయంత్రం కొడుకు చేత కొట్టు నుంచి ఆకుపచ్చ గాజులు తెప్పించింది. ఆపరేషనుకి ముందు తీయించేసిన నా గాజుల స్థానంలో వాటిని తనే మెల్లగా తొడిగింది. అరచెయ్యి నొక్కి, వేళ్ళు దగ్గరికి చేర్చి, ఒక్కటి కూడా చిట్లకుండా.

"పిలవాలంటే మంచం కమ్మీకి కొట్టు. నేను లేస్తాను, నర్సుని లేపుతాను" అంది.

ఆవిడ డిశ్చార్జి అయ్యేదాకా ఆ గాజులు ఎప్పుడు మోగినా ముందు లేచింది ఆవిడే. కుట్లు ఇంకా మానని మనిషి. నాకు బంధువు కాదు, మళ్ళీ కలుస్తామన్న నమ్మకం కూడా లేదు. అలాంటప్పుడు ఎందుకు చేసిందని చాలాసార్లు ఆలోచించాను. ఆవిడనే అడిగితే, "పక్కనే ఉన్నాను కదమ్మా" అని ఊరుకుంది.

ఆగస్టు

తీసేసిన గ్రంథిలో చెడు ఉందని రిపోర్టు వచ్చింది. దాదాపు అంతా తీసేశాం, ఇంకేమైనా మిగిలితే దానికి అయోడిన్ మందు ఇస్తాం అన్నారు. ప్రాణానికి భయం లేదని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. సంతోషించాల్సిన మాట. కానీ ఇంటికొచ్చాక మా ముగ్గురి మధ్యా ఏదో చెడింది.

నేను ఏదైనా చెప్పాలంటే మనిషి దగ్గరికి వెళ్ళాలి. వంటగదిలోంచి కేక వెయ్యలేను. గాజులు మోగిస్తే హేమ వచ్చేది. వచ్చి నా పెదాలు కదలకముందే, "తెలుసమ్మా, నీళ్ళు కావాలి" అనేది. కొన్నిసార్లు నాకు కావాల్సింది నీళ్ళు కాదు. చెప్పే ఓపిక లేక అవే తాగేసేదాన్ని. చుట్టాలు ఫోన్ చేస్తే నా తరఫున అదే మాట్లాడేది. "అమ్మ బాగున్నాది, అమ్మకి ఏ దిగులూ లేదు." నేను పక్కన కూర్చుని, నాకు దిగులు లేదని నా కూతురు చెబుతుంటే వినేదాన్ని.

బావకి చిరాకు పెరిగింది. ఒకరోజు భోజనాల దగ్గర నేనేదో అన్నాను, ఆయనకి అందలేదు. మళ్ళీ అన్నాను. అందలేదు. కంచం పక్కకి నెట్టేశాడు.

"ఏటంతన్నావో అర్థం కాలేదంతన్నాను కదా. ఎన్నిసార్లు సెప్పాలి?"

నేను చెబుతున్నది కూరలో ఉప్పు తక్కువైందని. అంతే. హేమ తండ్రి మీద అరిచింది. ఆయన దాని మీద అరిచాడు. నేను అరవలేను. మధ్యలో కూర్చుని గాజుల చెయ్యి బల్లకేసి కొట్టాను. ఒక గాజు చిట్లి మణికట్టు గీరుకుంది. ఇద్దరూ ఆగిపోయారు. ఆయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. హేమ నా చెయ్యి కడిగి, చదువుకోవడానికి కూర్చుంది.

కాసేపటికి ఆయన్ని లోపలికి రమ్మందామని పెరట్లోకి వెళ్ళాను. తలుపు దాటకముందే నా గొంతు నాకు వినిపించింది. "రుషికొండ, రుషికొండ. దిగేవాళ్ళు ముందుకు రండి." ఆయన చాకిరేవు బండ మీద కూర్చుని ఉన్నాడు. హేమ రికార్డు చేసినదాన్ని తన ఫోన్‌లోకి ఎప్పుడు పంపించుకున్నాడో తెలియదు. భీమిలి దాకా విన్నాడు. మళ్ళీ మొదటినుంచి పెట్టాడు.

నేను లోపలికి వచ్చేశాను. ఆ కోపమంతా నా మీద కాదని అప్పుడు తెలిసింది. నా మాట లేని ఇల్లు ఆయనకి కొత్త. అందులో ఎలా మసలుకోవాలో తెలియని మనిషి.

సెప్టెంబరు

అయోడిన్ మందుకి ముందు కొన్ని వారాలు చేపలు తినకూడదన్నారు, అయోడిన్ కలిపే మామూలు ఉప్పు కూడా వద్దన్నారు. చేప ముక్క లేకపోతే బావకి ముద్ద దిగదు. అయినా ఆ వారాలన్నీ నా చప్పిడి కూడే తిన్నాడు. ఎందుకు అని అడిగితే, "బజారెల్లడానికి తీరిక లేదు" అన్నాడు. బజారు మా వీధి చివరే ఉంది.

ఆ మందు తీసుకున్నాక కొన్నాళ్ళు ఒంట్లోంచి కిరణాలు వస్తుంటాయట. ఎవరికీ దగ్గరగా ఉండకూడదు, ముఖ్యంగా పిల్లలకి. ఆసుపత్రిలో ఒంటరి గదిలో ఉంచి పంపించారు, ఇంటి దగ్గర కూడా కొన్ని రోజులు జాగ్రత్త అన్నారు. హేమని మా చెల్లెలింటికి తగరపువలస పంపేశాం. బాత్రూం ఆనుకుని ఉన్న వెనక గది నాది. తలుపు మూసేసుకున్నాను. బావ గిన్నెలో అన్నం తలుపు దగ్గర పెట్టి దూరంగా జరిగేవాడు, నేను తీసుకునేదాన్ని.

మొదటి రోజు ఏడుపొచ్చింది. మాట లేదు, మనిషి లేడు. గోడ మీద బల్లిని చూస్తూ కూర్చున్నాను. సాయంత్రం ఆయన పని నుంచి వచ్చి, స్నానం చేసి, తలుపు అవతల వరండాలో దూరంగా చాప వేసుకున్న చప్పుడైంది. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"ఇయ్యాల ఒక ఓడ వచ్చినాది" అన్నాడు.

నేను ఆగి విన్నాను.

"పెద్దదే. ఏ దేశందో గానీ, అందులో పనోడొకడు డెక్కు మీద కుండీలో టమాటా మొక్క పెంచుతన్నాడు. కాయ కూడా కాసినాది. మేం కింద నుంచి సూత్తంటే ఎత్తి సూపించినాడు."

నేను గాజులు ఒకసారి మోగించాను. వింటున్నానని చెప్పడానికి.

ఆయనకి ధైర్యం వచ్చింది. బొగ్గు దుమ్ము ఎలా లేస్తుందో, దాని మీద నీళ్ళు ఎలా చల్లుతారో, గాలి ఊరి వైపు తిరిగితే ఏం జరుగుతుందో చెప్పాడు. క్రేను మీద కూర్చునే ముసలాయన మధ్యాహ్నం కిందకి దిగడం బద్ధకమని క్యారేజీ తాడుతో పైకి లాక్కుంటాడట. ఒకసారి అది గాలికి ఊగి, సాంబారు ఆఫీసరు చొక్కా మీద పడిందట. తలుపుకి ఇవతల నవ్వాను. శబ్దం రాని నవ్వు. గాజులు మాత్రం బాగా మోగాయి.

"నవ్వుతన్నావేటి?" అన్నాడు. ఆయన గొంతులో ఎంత సంతోషమో.

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఏం పని చేస్తాడో నాకు తెలుసు గానీ, రోజంతా ఏం చూస్తాడో తెలియదు. నేను ఎప్పుడూ ఖాళీ ఇవ్వలేదేమో, ఆయనెప్పుడూ అడగలేదేమో. ఆ తలుపు మూసి ఉన్నన్నాళ్ళూ ప్రతి సాయంత్రం ఏదో ఒకటి చెప్పాడు. ఆఖరి రోజుల్లో ఒకసారి, మధ్యలో ఆగి, "నాకు శానా బయమేసింది సత్తీ" అన్నాడు. నేను లేచి వచ్చి తలుపుకి చెయ్యి ఆనించి నిలబడ్డాను.

జబ్బు మేలు చేసిందని నేను అనను. అది లేకుండానే ఆయన మాట్లాడి ఉంటే ఎంత బాగుండేది. కానీ ఆ సాయంత్రాలు నాకు దక్కాయి. వాటిని కాదనలేను.

నవంబరు

గొంతు కసరత్తులు నేర్పే అమ్మాయి దగ్గరికి వారం వారం వెళ్ళేదాన్ని. కుర్చీ పట్టుకుని కిందకి నొక్కుతూ "ఆ" అనమనేది. కొంచెం బొంగురుగా ఏదో పలకడం మొదలైంది. దగ్గర కూర్చున్నవాళ్ళకి వినిపిస్తుంది, బస్సు ఇంజను మోత దాటదు.

సెలవు అయిపోయింది. డిపో మేనేజరు మంచి మనిషే. "కొన్నాళ్ళు ఆఫీసులో కూర్చోండమ్మా" అన్నాడు. నేను బస్సే ఎక్కుతానన్నాను. కూర్చుంటే ఇక లేవలేనేమోనని భయం. ఆయన ఆలోచించి, "సరే, ఒక నెల చూద్దాం. పాసింజర్ల నుంచి కంప్లయింటు వస్తే మాత్రం మార్చక తప్పదు" అన్నాడు. మా డ్రైవరు నాయుడు గారు అక్కడే ఉన్నారు. బయటికొచ్చాక, "నువ్వు బెల్లు కొట్టు సాలమ్మా. మిగతాది సూసుకుందాం" అన్నారు.

నేను సెలవులో ఉండగానే ఆడవాళ్ళకి బస్సు ఉచితమైంది. తిరిగొచ్చేసరికి బస్సు నిండా ఆడవాళ్ళే, కాలు పెట్టే చోటు లేదు. కార్డు చూపించమని సైగ చెయ్యాలి, ఎక్కడికని కూడా సైగతోనే అడగాలి. పిలవలేను కాబట్టి స్టాపు దగ్గరపడితే గబగబా సీటు సీటుకీ వెళ్ళి చెప్పబోయాను. సగం దూరం వెళ్ళేసరికి స్టాపు దాటిపోయింది.

రుషికొండలో దిగాల్సిన ఒకాయన వెనక సీట్లోంచి లేచి మీద మీదకి వచ్చాడు.

"స్టాపు పిలవవేం? నోరు లేదా?"

బస్సంతా నాకేసి చూసింది. జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. గాలి వచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆయనకి కనిపించకుండా బెల్లు కొట్టి బస్సు ఆపించాను. ఆయన విసుక్కుంటూ దిగిపోయాడు. ఈ ఉద్యోగం ఇవాళ్టితో సరి అనుకున్నాను.

ఎల్లమ్మ ఆరోజు తలుపు దగ్గరే కూర్చుంది, ఒళ్ళో బేసిన్లు. నన్ను చూసి నెలలైంది ఆవిడ. లేచి దగ్గరికి వచ్చి నా ఖాకీ చొక్కా కాలరు వేలితో పక్కకి జరిపింది. కుట్ల గీత చూసింది.

"సూపించినావు కదా" అంది.

తలూపాను.

"గొంతుకెల్లిపోనాదేటి?"

మళ్ళీ తలూపాను. ఆవిడ ఏమీ ఓదార్చలేదు. బేసిన్లు నా సీటు కిందకి తోసేసి, పై కమ్మీ పట్టుకుని నిలబడింది. చేపల బజారులో పొద్దంతా బేరాలాడే గొంతు.

"మంగమారిపేట వత్తన్నాది. దిగేవోలు లెగండి. ఆ పిల్లతల్లికి దారియ్యండి ముందు."

తన స్టాపులో దిగబోతూ వెనక్కి తిరిగి, కాలేజీ పిల్లలకేసి చూసి, "ఇంకేటి, మీకు నోళ్ళు లేవేటి? తరవాత స్టాపులు మీరు పిలవండి" అంది. ఒకమ్మాయి సిగ్గుపడుతూ, "ఎర్రమట్టి దిబ్బలు" అంది. సగం బస్సు నవ్వింది. వెనకనుంచి ఒక పెద్దాయన, "వినపడలేదు తల్లీ, గట్టిగా" అన్నాడు. ఆ పిల్ల గట్టిగా పిలిచింది.

మరునాడు నేనెవరినీ అడగలేదు. సాగర్‌నగర్ వస్తుంటే అక్కడ దిగే పెద్దావిడ ముందే పిలిచింది. ఎవరి స్టాపు వాళ్ళు పిలవడం మొదలుపెట్టారు. తమ స్టాపు రాగానే దిగిపోయేవాళ్ళు, "ఆ తరవాతది మీరు సూసుకోండి" అని పక్కవాళ్ళకి అప్పజెప్పి దిగేవారు. కొత్తగా ఎక్కినవాళ్ళకి పాతవాళ్ళే చెప్పేవారు. పొద్దుటి ట్రిప్పు వాళ్ళకి ఈ సంగతి ఎలా తెలిసిందో, అక్కడా మొదలైంది.

నోరు లేదా అని అడిగినాయన కూడా రోజూ ఎక్కుతాడు. ఆయన క్షమించమని ఎప్పుడూ అనలేదు, నేనూ ఎదురుచూడలేదు. కానీ వెనకవాళ్ళ డబ్బులు అందుకుని నాకు అందించడం, టిక్కెట్లు వాళ్ళకి చేర్చడం ఆయన పనైపోయింది. రద్దీలో నేను వెనక్కి వెళ్ళాల్సిన అవసరం రాకుండా.

నెల గడిచింది. డిపో మేనేజరు పిలిచి, "మీ బస్సు గురించి ఒక్క కంప్లయింటూ లేదమ్మా" అన్నాడు. ఎలా నెట్టుకొస్తున్నారని అడిగాడు. చెప్పాలంటే చాలా ఊపిరి కావాలి. నవ్వి ఊరుకున్నాను.

ఇప్పుడు

చలి తగ్గి ఎండలు మొదలయ్యేసరికి గొంతులో కదలని పక్క కొంచెం కదులుతోందని చెప్పారు. మాట వచ్చింది. మునుపటిలా కాదు, బొంగురు గొంతు. సాయంత్రానికి అలిసిపోతుంది. పరీక్షలకి ఇంకా వెళ్ళాలి, మాత్ర బతికున్నన్నాళ్ళూ వేసుకోవాలి. ప్రతిసారీ ఫలితం వచ్చేదాకా బావ బండి నీడకి పెట్టడానికి వెళ్తూనే ఉంటాడు. నేను ఒక కేక పెడితే బస్సు చివరిదాకా వెళ్తుంది. అది చాలు.

ఎల్లమ్మతో బేసిన్ల గొడవ కూడా మళ్ళీ మొదలైంది. మొదటిసారి నేను గట్టిగా, "ఆ బేసిను తీస్తావా, దించెయ్యనా?" అన్నప్పుడు ఆవిడ తిట్టడానికి నోరు తెరిచి, ఆగిపోయి, పైటతో కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత తిట్టింది.

ఇంత జరిగాక నేను ఎవరికి కృతజ్ఞత చెప్పాలో తేల్చుకోలేకపోతున్నాను. నూర్జహాన్ ఆపాకి చెప్పచ్చు, కొట్టు తెలుసు, ఒకసారి వెళ్ళి కూర్చుని వచ్చాను. డాక్టరమ్మకి చెప్పాను. సాగర్‌నగర్ పెద్దావిడ పేరైనా నాకు తెలియదు. చాలామంది మంచితనం అలాగే ఉంది, పేరు తెలియకుండా, దిగాల్సిన చోట దిగిపోతూ.

నా గొంతు వచ్చిందని బస్సులో అందరికీ తెలుసు. అయినా పిలవడం మానలేదు. నేనూ మానమనలేదు. మొన్న ఒక కొత్తాయన అప్పుఘర్‌లో ఎక్కాడు. స్టాపు స్టాపుకీ ఎవరో ఒకరు కేకవేస్తుంటే వింతగా చూసి, ఎల్లమ్మ వైపు వంగాడు.

"కండక్టరమ్మకి గొంతు లేదా?"

"ఎందుకు నేదు, ఉన్నాది" అంది ఎల్లమ్మ. "మాకూ ఉన్నాది."

ఆ మాట అని కిటికీలోంచి సముద్రం కేసి చూసింది. రుషికొండ వచ్చేస్తోంది. నేనూ పిలిచాను, ఇంకో నలుగురూ పిలిచారు.